బల్ల చివర

చోడవరం నుంచి చీడికాడ వెళ్ళే బస్సు హారన్ వినబడగానే బ్రదర్ మారస్ పెనం మీద నుంచి తలెత్తాడు. ఎత్తకూడదు. చెరకు రసం పొంగు మీద ఉన్నప్పుడు పెనం ముందు నిలబడ్డవాడు కన్నతల్లి పిలిచినా తలెత్తకూడదు. కానీ ఈ మధ్య ఆయనకి ప్రతి బస్సుకీ తలెత్తడం అలవాటైపోయింది. చోడవరం వైపు వెళ్ళే బస్సయితే మలుపు తిరిగేదాకా చూస్తాడు. ఇటొచ్చేదయితే అంతసేపు చూడడు. అది పోయేది కొండల వైపు. దూరపు కొండలు నునుపు అంటారు గానీ, రోజూ కిటికీలోంచి అవే కొండలు చూసి చూసి ఆయనకి మొహం మొత్తింది.

"మడ్డి, బాబూ, మడ్డి," అన్నాడు పొయ్యిలోకి పిప్పి ఎగదోస్తున్న పెదబాబు.

మారస్ గబుక్కున జల్లిగరిటె అందుకుని పొంగుతో పాటు పైకొచ్చిన నల్లటి మడ్డిని తీసి బకెట్టులో వేశాడు. ఆవిరికి మొహం ఉడికిపోతోంది. ఒంటి మీద లుంగీ, చిరిగిన బనీను. చాపెల్లోకి వెళ్ళేటప్పుడు వేసుకునే తెల్ల అంగీ పాక గుంజకి వేలాడుతోంది.

ఆ చుట్టుపక్కల పల్లెల్లో ఆ చోటుని ఫాదర్ల తోట అంటారు. లోపల ఉండేవాళ్ళు మఠం అంటారు. పునీత బెనెడిక్ట్ నియమావళి ప్రకారం బతికే సన్యాసులు అయిదుగురు, ఒక చాపెల్, రెండావులు, చెరకు తోట, ఈ బెల్లం పెనం. అంతే. ఆ ఊళ్ళ వాళ్ళకి వీళ్ళ ప్రార్థనలు ఎప్పుడో అలవాటైపోయాయి గానీ ఒక్క విషయం మాత్రం ఇప్పటికీ మింగుడు పడదు.

"బడిలో మేస్టర్లు మారిపోయేరు, బేంకు మేనేజరు మారిపోయేడు," అంది పెదబాబు పెళ్ళాం అచ్చియ్యమ్మ, పిప్పి మోపు దించి నడుం పట్టుకుంటూ. "మిమ్మల్నే ఎవులూ ట్రాన్స్‌ఫర్ సెయ్యరేటి? ఏటి తప్పు సేసేరు బాబూ?"

"సెప్పేను కదమ్మా. మాకు ట్రాన్స్‌ఫర్ లేదు. ఏ మఠంలో దేవుడికి మాటపట్టు ఇస్తే సచ్చేదాకా అందులోనే."

"అంటే మాకు అత్తోరిల్లు లాగన్నమాట," అంది అచ్చియ్యమ్మ. "మాకైతే పండక్కి పుట్టింటికెల్లడానికైనా ఉంటాది."

మామూలు రోజయితే మారస్ నవ్వేవాడు. ఆ రోజు ఆ మాట గోరుచుట్టు మీద రోకటి పోటులా తగిలింది. సున్నపు నీళ్ళ ముంత అందుకున్నాడు.

అప్పటికి బస్సు ఆగి వెళ్ళిపోయింది. దిగిన మనిషి ఒక్కడే. భుజాన సంచి, జీన్సు పేంటు, పలచబడిన జుట్టు. గేటు దగ్గర కాసేపు నిలబడి, లోపలికొచ్చి, పాక వైపు చూడకుండా ఆఫీసు గది వైపు నడిచాడు. పెదబాబు కళ్ళు చికిలించి చూశాడు.

"ఆ గుంటడే," అన్నాడు. "నీల్లు తాగొస్తానని ఎల్లినోడు."

మారస్ ముంత కింద పెట్టాడు. బేసిల్. ఇద్దరూ ఒకే ఏడాది మాటపట్టు ఇచ్చారు. మూడేళ్ళ కిందట ఇదే పెనం ముందు, పాకం ముదురుతున్న వేళ, నీళ్ళు తాగొస్తానని తెడ్డు గుంజకి ఆనించి, రోడ్డు మీదకి పోయి బస్సెక్కేశాడు. మారస్ అప్పుడు ఆవుల దగ్గర ఉన్నాడు. మాడిన వాసన వచ్చాక పరిగెత్తుకొచ్చాడు. ఆ బెల్లాన్ని ఎవరూ కొనలేదు. ఏడాది పొడుగునా మఠంలో అందరూ కాఫీలో అదే కలుపుకుని తాగారు.

*

మధ్యాహ్నం భోజనాలయ్యాక మఠం పెద్ద, ప్రయర్ ఫాదర్ ఆన్సెల్మ్ అందరినీ కూర్చోబెట్టాడు. గుంటూరు వైపు మనిషి. ఎప్పుడూ గొంతు పెంచడు, అదే ఒక్కోసారి భయంగా ఉంటుంది.

"బేసిల్ తిరిగొచ్చాడు. మళ్ళీ చేర్చుకోమంటున్నాడు. నియమావళిలో ఏముందో మీకు తెలుసు. వెళ్ళిపోయినవాడు మారిన మనసుతో వస్తే తీసుకోవచ్చు. కానీ చివరి చోటులో తీసుకోవాలి. శనివారం ఓటుకి గింజలు వేద్దాం. అప్పటిదాకా అతిథుల గదిలో ఉంటాడు, పెనం దగ్గర మారస్‌కి సాయం చేస్తాడు."

మఠంలో చాపెల్ బల్ల మీద కూర్చునే వరస వయసుని బట్టీ చదువుని బట్టీ ఉండదు. ఎవరు ముందొస్తే వాళ్ళు పైన. ప్రయర్ తర్వాత ముసలి బ్రదర్ జెరోమ్, తర్వాత వంట చూసుకునే ఫాదర్ లియో, తర్వాత మారస్. అందరికన్నా కింద తోమాసు. ఆయన ఆర్టీసీలో కండక్టరుగా రిటైరై, భార్య పోయాక, కిందటేడే వచ్చి చేరాడు. ఇప్పుడు బేసిల్ ఆ కండక్టరు కన్నా కింద కూర్చోవాలి.

మారస్‌కి మొదట ఒళ్ళు మండింది. ఇన్నాళ్ళూ ఇక్కడే ఉన్నవాడి మొహం చూసి ఇన్నాళ్ళూ ఇక్కడే ఉన్నావా అని ఒక్కరూ అడగలేదు. పోయినవాడు వస్తే మాత్రం అందరి మొహాలూ విచ్చుకున్నాయి, ఫాదర్ లియో సాయంత్రానికి పాయసం కూడా పెట్టాడు. ఆ మంట చల్లారాక ఇంకో ఆలోచన వచ్చింది. అది వచ్చినందుకు కాస్త సిగ్గుపడ్డాడు గానీ, వదల్లేదు.

బేసిల్ వస్తే పెనానికి మనిషి దొరుకుతాడు.

మారస్ మంచం కింద ఒక కవరుంది. అందులో చోడవరం టైలరు కుట్టిన నల్ల పేంటు, గళ్ళ చొక్కా ఉన్నాయి. రోలుగుంటలో తనతో పదో తరగతి చదివిన సూర్యతేజ మధురవాడలో ఒక కాలేజీకి హాస్టళ్ళు నడుపుతున్నాడు. వార్డెను కావాలి, నమ్మకమైనవాడు కావాలి, సోమవారం వచ్చి చేరిపో అంటున్నాడు. మారస్ వెళ్ళిపోదామనే అనుకున్నాడు. కాకపోతే బేసిల్‌లాగా పాకం మాడ్చి పోకూడదు. ఆదివారం ప్రార్థన అయ్యాక ప్రయర్‌కి చెప్పి, ముందు గేటులోంచి మనిషిలా వెళ్ళాలి. పెనం ఎవరి చేతిలో పెట్టాలన్నదే ఇన్నాళ్ళూ తెగలేదు. ఇప్పుడు తెగింది.

ఎందుకు వెళ్ళాలి అని అడిగితే ఆయన దగ్గర పెద్ద జవాబేమీ లేదు. దేవుడి మీద కోపం లేదు. ఎవరితోనూ తగువు లేదు. తెల్లారి అదే గంట, అవే కీర్తనలు, అదే బల్ల మీద అదే పేడు తొడకి గుచ్చుకోవడం. గోశాల వెనక సమాధుల వరసలో ఖాళీ జాగా చూసినప్పుడల్లా, తన కొలత ఎవరో ముందే తీసుకుని పెట్టుకున్నట్టు అనిపించేది. కాలుగాలిన పిల్లిలా తోటలో ఈ గట్టు నుంచి ఆ గట్టుకి తిరిగేవాడు.

*

మర్నాడు బేసిల్ లుంగీ కట్టుకుని పాకలోకొచ్చాడు. పెదబాబు మడ్డి బకెట్టు ఆయన కాళ్ళ దగ్గర పెట్టి, "దాహమేస్తే ఇక్కడే సెప్పు బాబూ, నానే తెస్తాను," అన్నాడు. అచ్చియ్యమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బేసిల్ తల వంచుకుని బకెట్టు తీసుకెళ్ళి పారబోసి వచ్చాడు.

మారస్ మాటలు పెట్టుకోకుండా పని అప్పజెప్పడం మొదలుపెట్టాడు. బెండ మొక్కలు నలిపి జిగురు తియ్యడం, అది పొయ్యగానే పైకి తేలే మడ్డిని అదను తప్పకుండా తియ్యడం, మంట ఎక్కడ తగ్గించమనాలో, తెడ్డు ఎటు తిప్పాలో. పాకం చుక్క చన్నీళ్ళలో వేసి, వేళ్ళతో ఉండ చేసి చూపించాడు.

"ఇలగ ఉండ అవ్వాలి. జారిపోతే ఇంకా అవ్వలేదు. టక్కుమంటే ముదిరిపోయింది."

"తెలుసురా. మర్చిపోలేదు."

"తెలిస్తే మంచిదే. ఇకనించి నువ్వే సూసుకోవాలి."

బేసిల్ ఒకసారి ఆయన మొహంలోకి చూశాడు. ఇద్దరూ చెరో కొక్కెం పట్టి పెనాన్ని వంచారు. పాకం చెక్క తొట్టిలోకి జారింది. తెడ్లతో కలుపుతుంటే బంగారు రంగుకి తిరిగింది. చల్లారేలోపు గుడ్డ పరిచిన గిన్నెల్లో అదిమి దిమ్మలు చెయ్యాలి. వేళ్ళు కాలుతున్నా ఆగకూడదు. బేసిల్ అరచేతులు మెత్తబడిపోయాయి, రెండో దిమ్మకే ఎర్రగా కందిపోయాయి. అయినా ఆపలేదు.

"ఆ రోజు మాడిపోయిందా?" అని అడిగాడు, చేతులు బాల్చీలో ముంచుతూ.

"ఏడాదంతా కాఫీలో తాగేం."

బేసిల్‌కి నవ్వు వచ్చింది. సగంలో ఆపుకున్నాడు.

మారస్‌కి ఒకటి అడగాలని నోటి చివర్దాకా వస్తోంది. ఉండబట్టలేక శుక్రవారం అడిగేశాడు. "బయట ఎలగుందిరా?"

"గాజువాకలో రూము. నలుగురం ఉండేవోళ్ళం. పనులు దొరికేయి, పోయేయి. అదేటి కాదు గానీ," బేసిల్ దిమ్మ మీద గుడ్డ తడి చేత్తో సర్దాడు, "ఇక్కడ గంట కొట్టే టైముకి తెలివొచ్చేసేది. లేచి కూకునేవోణ్ణి. పక్కోళ్ళు బూతులు తిట్టేవోళ్ళు. కీర్తన సదువుకోడానికి బాత్రూములోకెల్లేవోణ్ణి. మూడేళ్ళూ అలగే."

మారస్‌కి ఆ జవాబు నచ్చలేదు. తను అడిగింది సముద్రం గురించి, రోడ్ల గురించి, రోజుకో కొత్త మొహం గురించి. వీడు బాత్రూము గురించి చెప్తున్నాడు. తనకైతే గంట పక్కనే కొట్టినా మెలకువ రాదు, జెరోమ్ తాత కర్రతో పొడిస్తే గానీ లేవడు. తనకా బాధ ఉండదులే అనుకున్నాడు. రోడ్డు మీద బస్సు వెళ్ళింది. తలెత్తాడు. బేసిల్ ఎత్తలేదు.

*

శనివారం గింజలు వేశారు. మఠంలో ఎవరినైనా చేర్చుకోవాలంటే ఇదే పద్ధతి. మాటపట్టు ఇచ్చిన ప్రతివాడి చేతిలో ఒక తెల్ల బొబ్బర గింజ, ఒక నల్ల మినపగింజ పెడతారు. ఒప్పుకుంటే బొబ్బర, లేకపోతే మినుము, గుడ్డ కప్పిన కుండలో వెయ్యాలి. మిగిలింది రెండో కుండలో. ఎవరు ఏది వేశారో అడగకూడదు, చెప్పకూడదు. తోమాసుకి ఇంకా ఆ హక్కు రాలేదు కాబట్టి ఆయన తలుపు దగ్గర బేసిల్ పక్కన నిలబడ్డాడు.

జెరోమ్‌కి చూపు దాదాపు పోయింది. ఆయన గింజలు అరచేతిలో పెట్టే పని మారస్‌ది. మఠంలో ఆయన పనులన్నీ మారస్‌వే. ఒకే గదిలో పడుకుంటారు. లేపడం, నడిపించడం, తలంటడం, చేప ముల్లు తీసి అన్నంలో పెట్టడం.

"పెద్దది బొబ్బర తాతా. సిన్నది మినుము," అన్నాడు చెవిలో.

"తెలుసురా. గింజల మధ్యన పుట్టినోణ్ణి," అన్నాడు జెరోమ్. ఆయనది చీడికాడ అవతల పల్లె.

మారస్ తన బొబ్బర గింజని సందేహం లేకుండా వేశాడు. జాలితో వేశాడా, తన దారి కోసం వేశాడా అని తనని తాను అడగలేదు. ప్రయర్ కుండ తెచ్చి బల్ల మీద బోర్లించాడు. మూడు తెల్లగింజలు. ఒక నల్లది.

"మూడు చాలు," అన్నాడు ప్రయర్. "బేసిల్, రేపు ఉదయం ప్రార్థనకి చివరి చోటులో కూర్చో."

బేసిల్ మోకాళ్ళ మీద వంగాడు. లేస్తూ మారస్ వైపు చూశాడు. కోపంగా కాదు, ఒప్పుకున్నట్టు చూశాడు. మాడిన పెనం ముందు నిలబడ్డవాడు వీడే కదా, నల్లగింజ వెయ్యడా మరి అన్నట్టుంది ఆ చూపు. ఫాదర్ లియో కూడా మారస్ భుజం మీద చెయ్యేసి, "పోన్లెండి, మనసులో పెట్టుకోకండి," అన్నాడు. ప్రయర్ మాత్రం మెల్లగా, "జెరోమ్ గారికి కళ్ళు కనబడవు, పొరపాటున పడి ఉంటుంది," అన్నాడు. ఆ మాట మారస్‌ని కాపాడటానికే అన్నాడని అందరికీ అర్థమైంది. నేను కాదు అని చెప్పడానికి వీల్లేదు. చెప్తే ఇంకొకరిని చూపించినట్టవుతుంది. ఇన్నేళ్ళు ఉన్నందుకు పోయే ముందు దక్కిన మర్యాద ఇదీ అనుకుని మారస్ అక్కడి నుంచి వచ్చేశాడు.

*

ఆ సాయంత్రం ఎండ ఉండగానే పెరట్లో స్టూలు వేసి జెరోమ్‌ని కూర్చోబెట్టాడు. శనివారం తలంటు. నూనె ముందే పట్టించాడు. కుంకుడు పులుసు తలకి రాసి గట్టిగా రుద్దుతున్నాడు. చేతుల్లో ఉన్న విసురు తలకి తెలుస్తూనే ఉంది.

"మెల్లిగా రుద్దు. బుర్ర ఊడొచ్చేత్తది."

మారస్ ఇంకాస్త పులుసు పోసి రుద్దాడు.

"నల్లగింజ నానే ఏసేను," అన్నాడు జెరోమ్, కళ్ళు మూసుకునే.

మారస్ చేతులు ఆగిపోయాయి. "పొరపాటున పడిందా?"

"పొరపాటేటి. సిన్నది సూసే ఏసేను. ఆడొచ్చేస్తే పెనానికి మనిషి దొరికేస్తాడు. నువ్వెల్లిపోతావు."

"ఎవుడు సెప్పేడు నీకు?"

"మొన్న కర్ర జారిపోతే నీ మంచం కింద ఎతికేను. కవరు తగిలింది. సేత్తో సూసేను. జిప్పుంది. లుంగీకి జిప్పెందుకురా?"

నురుగు ఆయన చెవి మీదుగా మెడలోకి కారుతోంది. మారస్‌కి ఒక్కసారిగా కోపం తన్నుకొచ్చింది. ముసలాయన మీద, బేసిల్ చూపు మీద, అందరూ తన మీద మోపిన నింద మీద.

"నాకోసం ఇంకొకడి మీద నల్లగింజ ఏస్తావేటి తాతా? ఆడు గుమ్మంలో నిలబడ్డాడు. ఆడికి ఏరే చోటుందా?"

"తప్పే," అన్నాడు జెరోమ్. "ఫాదర్‌కి సెప్పి పాపసంకీర్తనం సేసుకుంటాను. నాది ఆడి మీద పగ కాదు రామూ. ఏటి సెయ్యమంటావు. నువ్వెల్లిపోతే నాకు బెంగ."

రామూ అన్నది మారస్ ఇంట్లో పేరు. మఠంలో ఎవరూ ఆ పేరుతో పిలవరు.  అక్కడ ఇంకొక్క క్షణం ఉంటే ఏడుస్తాడో, ఆ చెంబు విసిరికొడతాడో తనకే తెలియలేదు.

"ఉండు. నీళ్ళు తెస్తాను," అని, చేతులకి నురుగుతోనే నడిచాడు.

నూతి వైపు కాకుండా గేటు వైపు నడిచాడు. కవరు గుర్తు రాలేదు, చెప్పులు గుర్తు రాలేదు. రోడ్డు మీద చోడవరం బస్సు వస్తోంది. చెయ్యెత్తకుండానే ఆగింది, డ్రైవరు ఎరిగినవాడే. మారస్ మెట్టు పక్క కమ్మీ పట్టుకున్నాడు. నురుగు చేతికి అది జారింది, మళ్ళీ పట్టుకున్నాడు. ఒక కాలు మెట్టు మీద పెట్టాడు. లోపల కిటికీ పక్కన సీటు ఖాళీగా ఉంది.

"ఏటి ఫాదర్, ఇలాగొచ్చేసేరు? అంత అర్జెంటు పనేటి?" అంది కండక్టరు సంధ్యారాణి, ఆయన తడి లుంగీ, ఉత్త కాళ్ళు చూసి.

"ఏం లేదమ్మా. నీళ్ళు…" అన్నాడు మారస్.

ఆ మాట తన నోట్లోంచి వచ్చాక విన్నాడు. నీళ్ళు తెస్తానని చెప్పి వచ్చాడు. వెనక పెరట్లో స్టూలు మీద కళ్ళు మూసుకుని, తల నిండా కుంకుడు నురుగుతో, కదిలితే ఎటు పడతాడో తెలియని మనిషి నీళ్ళ కోసం కూర్చుని ఉన్నాడు. మూడేళ్ళుగా బేసిల్‌ని తిట్టుకోని రోజు లేదు. ఇప్పుడు అదే మాట చెప్పి, అదే రోడ్డు మీదకొచ్చి, అదే బస్సు మెట్టు మీద కాలు పెట్టాడు. ముందు గేటులోంచి మనిషిలా వెళ్దామనుకున్నవాడు.

"ఎక్కుతన్నారా, లేదా? టైమైపోతంది."

"ఎల్లండమ్మా," అన్నాడు. కాలు కిందకి దించాడు.

జెరోమ్ వదిలిన చోటే ఉన్నాడు. నురుగు ఎండి నుదుటి మీద చారలు కట్టింది. రెండు చేతులతో స్టూలు అంచు పట్టుకుని ఉన్నాడు. అడుగుల చప్పుడికి తల ఎత్తాడు గానీ కళ్ళు తెరవలేదు.

"తెచ్చేవా?"

నీళ్ళు బకెట్టులో మొదటి నుంచీ పక్కనే ఉన్నాయి, చల్లారిపోయాయి. మారస్ చెంబు ముంచాడు.

"తెచ్చేను తాతా. తల వంచు."

*

ఆదివారం తెల్లవారుజామున గంట కొట్టారు. జెరోమ్ కర్రతో పొడవకముందే మారస్ లేచి కూర్చుని ఉన్నాడు. మెలకువ రావడం కాదది, కన్ను మూతపడితే కదా. అంగీ తొడుక్కుని, ముసలాయన్ని నడిపించుకెళ్ళి ప్రయర్ పక్కన కూర్చోబెట్టాడు. ఫాదర్ లియో వచ్చాడు. తోమాసు వచ్చాడు. చివరికి బేసిల్ వచ్చాడు, పాత అంగీలో, ఎవరి వైపూ చూడకుండా, తోమాసు కన్నా కింద, బల్ల చివర కూర్చున్నాడు. కందిన అరచేతులకి గుడ్డ చుట్టుకున్నాడు.

మారస్ తన చోటు దాకా వెళ్ళాడు. అక్కడ నిలబడి తొడకి గుచ్చుకునే ఆ పేడు వైపు చూశాడు. తర్వాత తోమాసుని దాటి, బేసిల్‌ని దాటి, బల్ల చివరికి వెళ్ళి నిలబడ్డాడు. అక్కడ ఇంకొకరికి సగమే చోటుంది.

ప్రయర్ కీర్తనల పుస్తకం మీద నుంచి చూశాడు. "మారస్, మీ చోటు పైన."

"నేనూ ఎళ్ళిపోయి వచ్చేను ఫాదర్," అన్నాడు మారస్. "బేసిల్ ముందొచ్చేడు. నేను నిన్న సాయంత్రం వచ్చేను."

ఫాదర్ లియో ప్రయర్ వైపు చూశాడు.  ప్రయర్ పుస్తకంలో పేజీ తిప్పాడు. బల్ల ఆ చివర జెరోమ్ చూపులేని కళ్ళు తుడుచుకుంటున్నాడు. బేసిల్ మొహంలో మాత్రం ఆ నల్లగింజకి ఇది ప్రాయశ్చిత్తం అనుకున్నట్టే ఉంది. అనుకోనీ అనుకున్నాడు మారస్.

బేసిల్ కొంచెం జరిగాడు. చోటు చాలలేదు. తోమాసు పాత కండక్టరు అలవాటు చొప్పున చెయ్యి ఊపుతూ, "సర్దుకోవాలి, సర్దుకోవాలి, పైకి జరగాలి," అన్నాడు చిన్నగా. బల్లంతా కదిలింది. ఫాదర్ లియో కూడా జరిగాడు. మారస్ కూర్చున్నాడు, సగం బల్ల మీద, సగం బయట.

ప్రార్థన మొదలైంది. రెండో కీర్తనలో ఉండగా రోడ్డు మీద మొదటి బస్సు హారన్ కొట్టింది. మారస్ తలెత్తాడు. పక్కన బేసిల్ పుస్తకాన్ని ఆయన వైపు జరిపి, ఎక్కడున్నారో వేలితో చూపించాడు.